తాహేరా తెచ్చిన కౌజు పిల్ల

చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న బాలలక్ష్మికి ముందు కనిపించింది తాహేరా కాదు, ఆమె చేతిలోని డాల్డా డబ్బా. మూతకు మేకుతో పొడిచిన చిల్లులున్నాయి. లోపలి నుంచి ఏదో సన్నగా, ఆగకుండా అరుస్తోంది.

"ఏందే బిడ్డా, చెప్పకుండ చేయకుండ గిట్ల వచ్చినవ్?" అంటూ చాట పక్కకు జరిపి లేచింది.

తాహేరా చెప్పులైనా విడవలేదు. "అన్ని పోయినయ్ అవ్వ" అంది. డబ్బాను గుండెకు ఆనించుకుని గడపలోనే కూలబడింది.

తాహేరా ఎల్లారెడ్డిలో ఆ పక్కింట్లోనే పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి సత్తార్ సంసారాన్ని జుక్కల్‌కు మార్చుకున్నాడు. ఆమెకేమో కామారెడ్డిలో దర్జీ పని చేసే అబ్బాస్‌తో పెళ్లయింది. పుట్టిల్లు దూరమయ్యాక, మనసు బాగుండకపోతే బస్సెక్కి బాలలక్ష్మి దగ్గరికే వచ్చేది. అలా వచ్చినప్పుడే ఒకసారి బాలలక్ష్మి ఆమె కొంగులో గుప్పెడు కౌజు గుడ్లు పోసి పంపింది. ఈ జపాన్ కౌజులు గుడ్లు పెడతాయే కాని పొదగవు. తాహేరా వాటిని నాటుకోడి కింద పెట్టి పిల్లల్ని చేసింది. ఆ పిల్లలే పెద్దవై, వాటి గుడ్లకు మళ్లీ పిల్లలై, ఇల్లంతా కౌజుల కూతలతో నిండిందని పోయినసారి వచ్చినప్పుడు మురిసిపోతూ చెప్పింది కూడా.

"ముంగిస జొర్రింది. పొద్దుగాల లేచి చూస్తె గూడంత ఈకలే. తిన్నదన్న తినలె అవ్వ, ఊకెనే కొరికి కొరికి పడేసింది. గిదొక్కటే జొన్నల కుండ ఎనక నక్కి బతికింది." తాహేరా డబ్బా మూత తీసింది.

పిడికిట్లో పట్టేంత పిట్ట. రెక్కలకు ఈకలొచ్చాయి కాని తల మీద, మెడ మీద ఇంకా పసుపుపచ్చ నూగే. వెలుతురు పడగానే మెడ సాచి మళ్లీ అరవడం మొదలుపెట్టింది.

"గింజ ముడ్తలేదు, నీళ్లు తాగుతలేదు. ఒక్కటే ఒర్రుడు. ఒంటిగ ఉంటె గిది బతకది. నీ పిట్టలల్ల కలుపుకో అవ్వ."

"గింతే గదా! దీనికి ఏడుస్తరా? పా, ఇప్పుడే కలుపుదాం" అంది బాలలక్ష్మి.

వెనక వసారాలో కౌజుల గూడు ఉంది. పోచారం కాలువ మీద నీళ్లు వదిలే లష్కర్‌గా పనిచేసే ఆమె భర్త హనుమాండ్లు, పాత తలుపు చెక్కలకు ఇనుప జాలి కొట్టి, పైన రేకు వేసి తయారుచేశాడు దాన్ని. పిల్లలు లేని ఇంట్లో ఆ గూడే బాలలక్ష్మికి లోకం. చెయ్యి లోపల పెడితే చాలు, పిట్టలన్నీ వచ్చి అరచేతిలో గింజలు ఏరుకునేవి. అన్నింట్లో పెద్దది, రొమ్ము నిండా మచ్చలున్న సుక్కల పెట్ట అయితే తిన్నాక ఆ అరచేతిలోనే కూర్చుని కళ్లు మూసుకునేది. వాడకట్టులో ఎవరింట్లో తగవైనా బాలలక్ష్మి ఈ గూటినే చూపించేది. "నా పిట్టలను చూసి నేర్చుకోండ్రి, ఒక్కనాడు ఒకదాన్నొకటి మాటన్నదా" అనేది.

అందుకే ఆమె ఏమీ ఆలోచించలేదు. గొళ్లెం తీసి, పిల్లను గూట్లో నేల మీద దించి, మళ్లీ గొళ్లెం పెట్టింది.

తోటి పిట్టల గొంతులు వినగానే పిల్ల అరవడం ఆపేసింది. ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని, చిన్న కాళ్లతో టకటకా వాటి వైపే పరుగెత్తింది.

"చూసినవా, ఎట్ల ఉరుకుతుందో!" అని నవ్వింది బాలలక్ష్మి. తాహేరా కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

సుక్కల పెట్ట తల పక్కకు వాల్చి ఒంటికంటితో పిల్లను చూసింది. రెండడుగులు ముందుకు వేసింది. నడినెత్తి మీద ఒక్క పోటు పొడిచింది. పిల్ల పారిపోలేదు, అక్కడే ఒదిగి కూర్చుంది. రెండో పోటుకు నూగు ఊడొచ్చింది. మూడో పోటుకు తోలు లేచింది. ఎర్రగా కనబడగానే మిగతా పిట్టలు కూడా వచ్చి చుట్టూ మూగాయి. ఒక ఎర్రకాళ్ల పెట్ట మెడ దగ్గర పట్టుకుని లాగింది. అరుపు లేదు, కోపం లేదు. రోజూ గింజలు ఏరుకున్నట్టే, అదే తీరుగా, నింపాదిగా పొడుస్తున్నాయి.

బాలలక్ష్మి చెయ్యి గొళ్లెం మీదే ఉంది. కాని ఆ చేతికి ఏం చెయ్యాలో తెలియలేదు. చూస్తున్నది నిజమేనా అన్నట్టు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"తియ్ అవ్వ! తలుపు తియ్! సంపుతున్నయ్!" తాహేరా అరుస్తోంది. అవ్వ కదలకపోయేసరికి ఆమె చేతిని నెట్టేసి, తనే గొళ్లెం లాగి, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చింది.

ఆ విసురుకు పిట్టలు బెదిరి నిట్టనిలువునా ఎగిరాయి. కౌజులు బెదిరితే అంతే, రాయి విసిరినట్టు పైకి లేస్తాయి. పైనున్న రేకు ధడధడా మోగింది. తాహేరా పిల్లను పట్టుకుని చెయ్యి బయటికి లాక్కునే లోపల గూట్లో ఏదో దభీమని పడింది.

సుక్కల పెట్ట. మెడ వాలిపోయి ఉంది. కాళ్లు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి.

తాహేరా అరచేతిలో పిల్ల వణుకుతోంది. నెత్తి మీద తోలు లేదు. ముంజేతి మీదుగా నెత్తురు సన్నగా కారుతోంది. బాలలక్ష్మి ఆ నెత్తురును చూడలేదు. ఆమె చూపంతా గూట్లో పడున్న పెట్ట మీదే ఉంది.

"నీయన్ని సంపుకొని, ఇగ నాయి సంపుతందుకు తెచ్చినవా దీన్ని?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని బాలలక్ష్మికి వెంటనే తెలియలేదు. తాహేరా ముఖంలో రంగు పోయింది. దుపట్టా చెంగులో పిల్లను చుట్టుకుంది. "పోతున్న అవ్వ" అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. డాల్డా డబ్బా వసారాలోనే ఉండిపోయింది.

బాలలక్ష్మి వంగి సుక్కల పెట్టను బయటికి తీసింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఒళ్లో పెట్టుకుని రెక్కలు సర్దింది, తల సవరించబోయింది. ముక్కు కొసన పసుపుపచ్చ నూగు అంటుకుని ఉంది. నూగుతో పాటు సన్నటి తోలు ముక్క. బొటనవేలితో తుడిస్తే పోలేదు.

గూట్లో మిగతా పిట్టలు అప్పుడే గింజల మీద పడ్డాయి. సుక్కల పెట్ట పడిన చోటనే తొక్కుకుంటూ తిరుగుతున్నాయి. ఒక పుంజు మెడ సాచి ఎప్పటిలాగే కూసింది. ఆ కూత విని బాలలక్ష్మి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లు తాను ఎవరికి మేత పెట్టింది? రోజూ పొద్దున లేచి ఎవరి ముఖం చూసి మురిసిపోయింది?

తాను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అప్పటిదాకా ఎక్కడుందో, ఒక్కసారిగా వచ్చి గుండెల మీద కూర్చుంది. గూడంతా ఈకలై, ఉన్న ఒక్కదాన్ని కాపాడుకోవాలని ఇంత దూరం వచ్చిన పిల్లను ఆ మాట అన్నది. దిక్కని వచ్చిన పిల్లను.

పెట్టను అక్కడే వదిలి పరుగెత్తింది. చెప్పులు లేవు, తలుపు మూయలేదు. దారిలో ఎదురైన చంద్రవ్వ "ఏమైందే?" అని అడిగితే ఆగలేదు. బస్టాండు చేరేసరికి కామారెడ్డి బస్సు కదులుతోంది. పక్కనే పరుగెత్తుతూ రేకు మీద అరచేత్తో బాదింది.

బస్సు ఆగింది. కండక్టర్ తల బయటపెట్టాడు. "ఏందవ్వా, ఎక్కుతవా?"

"నేనెక్క. నా బిడ్డను దించు."

తాహేరా కిటికీ పక్కనే ఉంది. ఇటు చూడలేదు.

"దిగు బిడ్డా."

"సుక్కల పెట్ట సచ్చింది గద అవ్వ. నేను రాకపోతె బతికుండేది."

"అదే ముందుగాల పొడిసింది. నా కండ్లతోని చూసిన. చూసి సుత నిన్నన్న." బాలలక్ష్మికి ఆయాసంతో మాట తెగిపోతోంది. "నా పానం కలికలి అయితుంది, దిగు తాహేరా. నువ్వు దిగకపోతె నేనీడికెల్లి కదల."

బస్సులో వాళ్లంతా చూస్తున్నారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. తాహేరా లేచి, దుపట్టా మూటను రెండు చేతులా పట్టుకుని దిగింది. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. బాలలక్ష్మి మూట విప్పి చూసింది. పిల్ల కన్ను తెరిచే ఉంది.

ఇంటికొచ్చి నూనెలో పసుపు కలిపి గాయానికి పట్టించారు. గోధుమపిండిని నీళ్లలో కలిపి వేలి కొసతో తాగించారు. సాయంత్రం కాలువ మీది నుంచి వచ్చిన హనుమాండ్లు సంగతంతా విని, సుక్కల పెట్టను పెరట్లో పూడ్చి వచ్చాడు.

"గా పిట్టలకు మేత నువ్వే ఎయ్యి. నేను మొఖం చూడ" అంది బాలలక్ష్మి.

"అవి పిట్టలే. వాటికేమెరుక?"

"ఎరుక లేకుంటనే గట్ల సంపుతయా?"

హనుమాండ్లు గింజలు తీసుకుని గూటి దగ్గరికి పోయాడు.

తాహేరా ఆ రోజు వెళ్లలేదు. మరునాడు బస్సు కండక్టర్‌తో అబ్బాస్‌కు కబురు పంపి, అక్కడే ఉండిపోయింది. జుక్కల్‌లో తన తల్లి కొత్త కోడిని తెస్తే నేరుగా మందలో వదిలేది కాదని, కోళ్ల నడుమనే గంప కింద మూసి కొన్నాళ్లు ఉంచేదని ఆమెకు గుర్తొచ్చింది. ఆ మాట చెబితే బాలలక్ష్మి అటకెక్కి కోళ్ల గంప దించింది.

గాయం మీద పక్కు కట్టాక పిల్లను గంపలో వేసి, ఆ గంపను గూటి జాలికి ఆనించి పెట్టారు. పెద్ద పిట్టలు వచ్చి సందుల్లోంచి పొడవబోయేవి, అందక వెనక్కి పోయేవి. పిల్ల గంప అవతలి అంచుకు అతుక్కుని కూర్చునేది. దానికి ఒంటరితనం పోవాలని, మందలో అందరికన్నా చిన్నవైన రెండు పిట్టల్ని హనుమాండ్లు పట్టి గంపలో వేశాడు. బాలలక్ష్మి ఆ పూటంతా గంప పక్కనే కాపలా కూర్చుంది. అవి పొడవలేదు. పిల్ల మొదటిసారి వాటి పక్కన గింజ ముట్టింది. రోజులు గడిచేకొద్దీ గంప అవతల మూగే పిట్టలు తగ్గాయి. చివరికి జాలికి ఇటు పిల్ల, అటు పెద్దవి, ఎవరి గింజలు వారు ఏరుకోసాగాయి.

"ఇగ ఇడుద్దామా అవ్వ?" అంది తాహేరా.

బాలలక్ష్మి గూటి గొళ్లెం దగ్గరి నుంచి వెనక్కి జరిగింది. "నాతోని కాదు. నువ్వే ఇడువు" అంది.

ఆ రోజు పిట్టలన్నింటినీ బయటికి తీసి గూడు కడిగారు. పాత పిట్టలకు కూడా గూడు కొత్తగా అనిపించాలని నీళ్ల గిన్నె ఒక మూలకు, గింజల తొట్టి ఇంకో మూలకు మార్చారు. పొద్దు వాలుతుండగా అన్నింటికీ కడుపునిండా మేత పెట్టి, గంపలోని మూడింటితో కలిపి అన్నింటినీ లోపల వదిలారు. బాలలక్ష్మి తాహేరా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎర్రకాళ్ల పెట్ట పిల్ల దగ్గరికి వచ్చింది. ముక్కుతో ఒక్కసారి తగిలించింది. పిల్ల పక్కకు తప్పుకుంది. పెట్ట నీళ్ల గిన్నె వెతుక్కుంటూ వెళ్లిపోయింది. చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడి నుంచి లేవలేదు.

తెల్లారి చలికి వణుకుతూ బాలలక్ష్మి వసారాలోకి పోయింది. గూట్లో పిల్ల కనిపించలేదు. వంగి చూసింది. పిట్టలన్నీ ఒక మూలన దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి. ఎర్రకాళ్ల పెట్ట రెక్క కిందినుంచి ఈకలు లేని చిన్న నెత్తి బయటికి కనిపిస్తోంది. పిల్ల కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతోంది.

ఆనాటి నెత్తురు చూసినప్పుడు కూడా బాలలక్ష్మి ఇంతగా అదిరిపడలేదు.

"తాహేరా! జల్ది రావే! ఎట్లనే గిది? తోలు గుంజినదాని రెక్క కిందికే పోయి ఎట్ల పండుకున్నదే?"

తాహేరా దుప్పటి కప్పుకుని వచ్చి, వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"సలి పెడ్తుంది గద అవ్వ" అంది.

ఆ మధ్యాహ్నం బస్సుకు తాహేరా బయల్దేరింది. బాలలక్ష్మి కౌజు గుడ్లను ఊకలో పెట్టి ఆ డాల్డా డబ్బా నింపి ఇచ్చింది. "నీ పిల్లను సుత తీస్కపో, మంచిగైంది గద" అంది.

తాహేరా తల అడ్డంగా ఊపింది. "కలిసింది కలిసినట్టుండనియ్ అవ్వ. మళ్ల ఒంటిగ చేస్తె నేను చూడలేను."