ఆఖరి బండి కర్ర

మావగారు సినిమాహాల్లో మేనేజరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి చీకట్లో టార్చిలైటు వేసి ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పిన మనిషి. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా జనాన్ని వరసల్లో సర్దందే ఆయనకి తోచదు. ఇప్పుడు సరస్సులు చూద్దామని కుటుంబంతో వచ్చి, అద్దెకారు ముందు సీట్లో కూర్చుని అల్లుణ్ణి సర్దుతున్నారు.

"గేరు మార్చండి అల్లుడుగారూ. అదిగో లారీ. బ్రేకు! బ్రేకండీ!"

అల్లుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టే పని చేస్తాడు. వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి. ఊళ్ళో సగం మంది ఆ చేతి చలవతోనే రోడ్డు దాటుతున్నారు. మావగారు మాత్రం ఆ చేతిని నమ్మరు. బయల్దేరినప్పటి నుంచీ ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి కారెక్కి, లాంచీ ఎక్కి, మళ్ళీ కారెక్కి తిరుగుతున్నారు. లాంచీలో ఏ పక్క కూర్చుంటే ఎండ తగలదో, నీళ్ళని ఏ వైపు నుంచి చూస్తే అందంగా ఉంటాయో అన్నీ మావగారే చెప్పారు. అల్లుడు "అలాగే మావయ్యగారూ" అంటూ వచ్చాడు. వెనకసీట్లో భార్య నవ్వు ఆపుకునేది. అత్తగారు కిటికీలోంచి కొండల్ని చూస్తూ ఏమీ విననట్టు ఉండేవారు. ఆవిడకి ఆ విద్య కాపురంతో పాటే వచ్చింది.

కింది సరస్సు నుంచి పై సరస్సుకి వెళ్ళాలంటే ఒకటే దారి. కొండ నడుముని తొలిచి వేసిన రోడ్డది. ఎడమ పక్క నిట్టనిలువు రాయి, కుడి పక్క లోయ, లోయ అడుగున నీళ్ళు. గోడ లేదు, కంచె లేదు. రెండు బళ్ళు ఎదురుపడితే తప్పుకునే చోటు ఎక్కడా లేదు, సగం దూరంలో నాలుగు బళ్ళు నిలిచేంత మేర తప్ప. అందుకని రెండు కొసలా గేట్లు పెట్టారు. ఇటునుంచి ఒక గుంపుని వదిలితే, అది పూర్తిగా అవతలికి చేరాకే అటునుంచి ఇంకో గుంపుని వదులుతారు. ఆ కొండల్లో ఫోను పలకదు. దారి ఖాళీ అయిందని అవతలి గేటుకి తెలియడానికి ఎర్రరంగు వేసిన మూరెడు కర్ర ఒకటి ఉంది. గుంపులో ఆఖరి బండికి ఆ కర్ర ఇస్తారు. అది చేతికి అందితేనే అవతల గేటు లేస్తుంది.

ఆ పూట ఆఖరి బండి వీళ్ళదయింది.

మావగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కారు దిగి, తమ ముందు నిలబడ్డ మోటారుసైకిలు కుర్రాణ్ణి చూపిస్తూ, "కుటుంబంతో వచ్చినవాళ్ళని వెనక్కి నెడతారా? ఇదేం పద్ధతి?" అని గేటు కాసేవాడితో తగువు వేసుకున్నారు. ఈలోపు గేటు కాసే ఇంకో మనిషి, నడివయసు ఆడమనిషి, అల్లుడి పక్క కిటికీలోంచి వంగి కర్ర అందించింది.

"ఇది మీ బండి దాటకూడదు. ఎవరడిగినా ఇవ్వకండి. అవతలి గేటులో మీ చేత్తో ఇవ్వండి. సరేనా?"

అల్లుడు సరేనన్నాడు. మావగారు తగువులో ఓడి, ఎర్రబడ్డ ముఖంతో వచ్చి కూర్చున్నారు.

"ఏవంటోంది ఆవిడ?"

"ఈ కర్ర అవతలి గేటులో ఇవ్వాలట మావయ్యగారూ. అది అందేదాకా అటువాళ్ళు కదలరట."

అంతే చెప్పాడు. మిగతాది చెబితే పది ప్రశ్నలు వస్తాయి, పది ప్రశ్నలకీ తనే జవాబుదారీ అవుతాడు. కర్రని అద్దం ముందు పెట్టి బండి కదిలించాడు.

సగం దారిలో ఆ వెడల్పు చోటు వచ్చింది. అక్కణ్ణుంచి కొన్ని మెట్లు దిగితే రాతి అరుగు. అరుగు మీద నిలబడితే రెండు సరస్సులూ ఒకేసారి కనిపిస్తాయి, కిందది ఆకుపచ్చగా, పైది నల్లగా. అత్తగారు చూస్తానన్నారు. ఆవిడ ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడమే అరుదు. అల్లుడూ కూతురూ చెరో చెయ్యీ పట్టుకుని మెల్లగా దింపారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఒక్కో మెట్టూ తీరిగ్గా దిగి, అరుగు మీద చతికిలబడి, "ఎంత బాగుందర్రా" అని అలా ఉండిపోయారు. లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మావగారు పైనే, కారు దగ్గరే ఉండిపోయారు. మోటారుసైకిలు కుర్రాడు కూడా అక్కడే ఆగి ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత బండి తీసి వెళ్ళిపోయాడు. ఆ శబ్దం కింద అరుగు దాకా వినిపించింది. ఎవరూ పట్టించుకోలేదు.

అత్తగారిని మళ్ళీ పైకెక్కించి బయల్దేరేసరికి చాలాసేపయింది. రోడ్డు ఎక్కుడు. ఒక మలుపు, ఇంకో మలుపు, ఆ తర్వాత ఇంకోటి. మావగారు ఉత్సాహంగా ఉన్నారు. తప్పు పట్టడం కూడా తగ్గించారు. అల్లుడు నీళ్ళ సీసా కోసం చెయ్యి చాచాడు. అద్దం ముందు సీసా ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

"మావయ్యగారూ, ఇక్కడ పెట్టిన కర్ర ఏది?"

"అదా? ఇచ్చేశాగా."

"ఎవరికి?"

"ఆ మోటారుసైకిలు అబ్బాయికి. మీరు కింద కొలువు తీరి కూర్చుంటే, అవతల అంతమంది మనకోసం ఎండలో పడిగాపులు పడాలా? ఎలాగూ వెళ్తున్నావు కదా బాబూ, ఇది ఇచ్చి గేటెత్తించు అన్నాను. మంచి పిల్లాడు, మారుమాటాడకుండా పట్టుకెళ్ళాడు. ఊరికే గేటు దగ్గర నోరు పారేసుకున్నాను వాడి మీద."

అల్లుడి కాలు బ్రేకు మీద పడింది. మావగారు చెప్పకుండానే.

"ఏమైందండీ?" అంది వెనక నుంచి భార్య.

"కర్ర ఈపాటికి చేరిపోయుంటుంది. గేటెత్తేసుంటారు." అల్లుడి గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఎదురుగా బళ్ళొస్తున్నాయి."

మావగారి ముఖంలో రంగు కొద్దికొద్దిగా దిగిపోవడం అల్లుడు చూశాడు. కానీ ఆయన ఆయనే.

"అయితే చూస్తారేం? తొక్కండి! హారను కొట్టుకుంటూ పోదాం. గేటు దగ్గరికి వచ్చేసే ఉంటాం."

"రాలేదు. ఇంకా చాలా ఉంది."

"నేను చెప్తున్నాగా, ముందు మీరు గేరు..."

"మావయ్యగారూ! నోరు మూసుకోండి!"

మావగారు నోరు మూసుకున్నారు. బహుశా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"వెనక్కి తీసుకెళ్ళాలి, ఆ వెడల్పు చోటు దాకా," అన్నాడు అల్లుడు భార్యతో, మాటలు తొట్రుపడుతుంటే. "వాళ్ళకి పల్లం. మలుపు తిరిగి మనల్ని చూశాక బ్రేకేసినా బండి ఆగదు. ఎవరో ఒకరు ముందుకెళ్ళి మలుపుకి అవతలే ఆపాలి. నువ్వు నా వెనక నడు. చక్రం ఎక్కడుందో చెబుతుండు. ముందుకెవరు..."

ముందు తలుపు తెరుచుకుని దఢాలున మూసుకుంది. మావగారు అప్పటికే రోడ్డు మీద ఉన్నారు. వెనక కిటికీలోంచి అత్తగారి ఒళ్ళో ఉన్న ఎర్ర శాలువా లాక్కుని, మారుమాట లేకుండా మలుపు వైపు పరిగెత్తారు. రెండంతస్తులు ఎక్కడానికి మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకునే మనిషి. పొట్ట ఊగుతోంది, చెప్పులు టపటపలాడుతున్నాయి. ఒక చెప్పు జారిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు ఆయన్ని మింగేసింది.

"అత్తయ్యగారూ, మీరు దిగండి."

"ఈ మోకాళ్ళతో నేను దిగి నడిచేసరికి తెల్లారుతుంది. నువ్వు పోనివ్వు బాబూ. నేను కూర్చుంటాను." అత్తగారు రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

అల్లుడు వెనక్కి పోనిచ్చాడు. పల్లానికి వెనక్కి వెళ్ళడమంటే బండి కాలి కింద నిలవదు, జారిపోతానంటుంది. ఎడమ పక్క రాయి గీసుకుంటోంది. కుడి పక్క చూస్తే నీళ్ళు తప్ప ఏమీ కనబడడం లేదు. భార్య వెనక నుంచి అరుస్తోంది. "రా... రా... రాయి వైపు! ఇంకా రాయి వైపు!" అరచేతుల్లో చెమటకి స్టీరింగు జారుతోంది. మొదటి మలుపు దాటాడు. రెండో మలుపులో వెనక చక్రం కింద ఏదో కరకరమంది. తర్వాత ఏ శబ్దమూ లేదు. రాళ్ళు కింద నీళ్ళలో పడిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

"ఆపు!" భార్య కారు వెనక అద్దం మీద రెండు చేతులతో బాదింది. "ఆపు, ఆపు, ఆపు! కదలకు!"

ఆపాడు. కారు వెనక భాగం ఒక పక్కకి కుంగినట్టయింది. అత్తగారు ఏదో గొణుక్కుంటున్నారు. అల్లుడు ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. కొద్దిగా ముందుకి, జానెడు, ఇంకో జానెడు. చక్రం రోడ్డుని పట్టుకుంది. భార్య రాతిగోడకి ఆనుకుని, ముఖం చేతుల్లో దాచుకుని, వెంటనే మళ్ళీ చేతులు తీసేసి "రా" అంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి హారను మోగింది. పొడుగ్గా, ఆగకుండా. దాని మీద బ్రేకుల కీచుమన్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

అల్లుడికి పైప్రాణాలు పైనే పోయాయి. బండి వదిలి పరిగెత్తడానికి లేదు. కాలు తీస్తే అత్తగారితో సహా కారు లోయలోకి పోతుంది. భార్య రోడ్డు మీద కొయ్యబారిపోయి పైకే చూస్తోంది. "నాన్నా!" అని కేక వేసింది. కొండ ఆ కేకని తిప్పి పంపింది.

"ఏమే, ఆగిపోయావేం?" అన్నారు అత్తగారు, కళ్ళు తెరవకుండానే. "అతనికి దారి చెప్పు."

ఆమె చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. అతను వింటూ వెనక్కి నడిపాడు. మావగారు పోయి ఉంటే ఈ ఆడవాళ్ళిద్దరి ముఖాలూ ఎలా చూడాలి అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. గేటావిడ మాట మొత్తం చెప్పి ఉంటే నోరు అరిగిపోయేదా?

మలుపులోంచి ముందు ఎర్ర శాలువా కనిపించింది. తర్వాత మావగారి వీపు. ఆయన వెనక్కి నడుస్తున్నారు. రెండు చేతులూ పైకెత్తి, ఎదురుగా ఉన్న దాని మీంచి చూపు తిప్పకుండా, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా. ఆయన పొట్టకీ బస్సు మూతికీ మధ్య బెత్తెడు దూరం ఉందో లేదో. బస్సు నత్తలా పాకుతోంది. దాని వెనక ఇంకా ఎన్ని బళ్ళున్నాయో మలుపు అవతలికి కనిపించడం లేదు.

అలాగే దిగారు అందరూ. కారు వెనక్కి, దానికి ఎదురుగా మావగారు వెనక్కి, ఆయన మీద పడబోతున్నట్టు బస్సు ముందుకి. వెడల్పు చోటు వచ్చాక అల్లుడు కారుని పక్కకి తీసి, ఆపి, బ్రేకు లాగి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. చేతులు రాలేదు దాన్ని వదలడానికి. అత్తగారు అతని వీపు మీద చెయ్యి వేశారు.

బస్సు పక్కన ఆగింది. డ్రైవరు కిందికి వంగి నోటికొచ్చినట్టు తిట్టాడు. అతని పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బస్సు నిండా ఏదో మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు, సెలవు రోజున సరస్సులు చూడ్డానికి బయల్దేరినట్టున్నారు, అందరికీ ఒకే రంగు చీరలు. ముందు వరసల్లోవాళ్ళు బిక్కచచ్చిపోయి ఉన్నారు. వెనకవాళ్ళకి ఏం జరిగిందో తెలియనే తెలియదు. చప్పట్లు కొడుతూ పాట పాడుకుంటున్నారు.

మావగారు ఆ కిటికీల వంక చూశారు. ఒక్కో ముఖాన్నీ చూశారు. తర్వాత రోడ్డు పక్కన నిలబడి చేతులు జోడించారు.

"తప్పు నాదమ్మా. క్షమించండి. తప్పు నాదే."

బస్సు కదిలింది. వెనక సీట్ల ఆడవాళ్ళు నవ్వుతూ ఆయనకి చేతులూపారు. దాని వెనక వ్యాను. మావగారు మళ్ళీ చేతులు జోడించారు. "తప్పు నాది బాబూ." వ్యాను వెనక కారు. మళ్ళీ అదే. చొక్కా మోచేతి దగ్గర చిరిగి వేలాడుతోంది. ముఖమంతా దుమ్ము, దుమ్ములో కన్నీటి చారలు. చెప్పులేని కాలు రక్తం ఓడుతోంది.

అల్లుడు కారు దిగి వచ్చాడు. ఈ మనిషి నోట ఈ మాట ఒక్కసారి వినాలని ఇన్నాళ్ళూ ఎంత ఉబలాటపడ్డాడో అతనికే తెలుసు. తీరా వినపడుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

"చాలు మావయ్యగారూ. రండి, కూర్చోండి. సగం తప్పు నాది. గేటావిడ చెప్పిందంతా నేను మీకు చెప్పలేదు."

మావగారు విన్నట్టు లేదు. ఇంకో కారు వచ్చి ఆయన పక్కనే నెమ్మదించింది. కిటికీలోంచి ఒక పెద్దావిడ తల బయటికి పెట్టి, ఆ చిరిగిన చొక్కానీ, ఆ కాలినీ, జోడించిన చేతుల్నీ చూసింది. అయ్యో పాపం అనుకున్నట్టుంది. చెయ్యి చాచి, ఆయన అరచేతుల్లో ఒక నాణెం పెట్టింది.

అల్లుడి ఒళ్ళు భగ్గుమంది. "ఏవండీ, ఏమనుకుంటున్నారు? ఆయన అలాంటివారు కాదు!" అని ముందుకు దూకాడు.

మావగారు మోచేత్తో అతన్ని అడ్డుకున్నారు.

"ఉండనివ్వండి అల్లుడుగారూ," అన్నారు మెల్లగా. "వెనక ఇంకా బళ్ళున్నాయి."

నాణెం అరచేతుల మధ్యే ఉంచుకుని మళ్ళీ చేతులు జోడించి, వచ్చే బండి వైపు తిరిగారు.