డానియేలు చేతిలో వణుకు

హైదరాబాద్ ఛత్రినాకలో వాషింగ్ మిషన్ ఎగిరితే డానియేలును పిలుస్తారు. ముందు నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయో లేదో చూస్తాడు. లారీలో కదలకుండా వెనక బిగించే బోల్టులు తీశారో లేదో చూస్తాడు. బరువంతా ఒక పక్కకే చేరేలా ఒక్క దుప్పటి వేసి తిప్పే ఇల్లాలైతే మెత్తగా నాలుగు చివాట్లు పెడతాడు. అప్పటికీ ఆగకపోతే స్పిన్‌లో పెట్టి, మిషన్ నెత్తిన కుడిచెయ్యి ఆనిస్తాడు. వణుకంతా అతని చేతిలోకి ఎక్కుతుంది, మిషన్ బుద్ధిగా తిరుగుతుంది.

ఆ వణుకుతోనే బస్సెక్కి ఉస్మాన్‌గంజ్ పోతాడు. బస్సులో కడ్డీ పట్టుకుంటే దారి పొడుగునా అద్దాలు గలగలమంటాయి. "డానియేలన్నా, చెయ్యి జేబుల పెట్టుకో," అని కండక్టరమ్మే గుర్తుచేస్తుంది. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారి రామలింగయ్య కొట్లో పెద్ద జల్లెడ ఉంది. దాని చట్రం మీద చెయ్యి పెడితే వణుకు అందులోకి దిగి, కరెంటు లేకుండానే గంటసేపు కందిపప్పు జల్లిస్తుంది. షరతల్లా ఒకటే. పొద్దుగూకేలోపు దించేయాలి, లేకపోతే ఎముకకు పట్టేస్తుంది. అతనికి పని నేర్పిన ఉస్తాద్‌కు అలాగే పట్టేసింది. పోయేదాకా ఆయనకు అన్నం ఎవరో ఒకరు తినిపించాల్సి వచ్చింది.

హరిప్రియ ఇంటికి డానియేలు వెళ్లింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. మేడ మీది పోర్షన్. భర్త రఘురామ్ సర్కారు ఆఫీసులో గుమాస్తా. పెళ్లి చేసుకుని ఇద్దరూ కాకినాడ నుంచి ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. ఆఫీసులో రఘురామ్‌కు నెమ్మదస్తుడని పేరు. ఇంట్లో పెళ్లాన్ని కొడతాడని బస్తీలో అందరికీ తెలుసు. తెలిసి ఏం చేశారంటే, టీవీల సౌండు పెంచుకున్నారు.

మిషన్ కొత్తది, తలుపు ముందుండే రకం. స్పిన్ మొదలవగానే గోడ దగ్గర్నుంచి వంటింటి గడప దాకా నడిచొస్తోంది.

"రెండు చేతులతో అదిమి పట్టుకుంటున్నానన్నా," అంది హరిప్రియ. "నేను పట్టుకునేకొద్దీ ఎక్కువవుతోంది. చప్పుడైతే ఆయనకి పడదు. ఆయన వచ్చేలోగా బాగవుతుందా?"

డానియేలు మట్టం పెట్టి చూశాడు. కాళ్లు సమానం. బోల్టులు ఎప్పుడో తీసేశారు. స్ప్రింగులు కొత్తవి. ఒక్క బట్ట లేకుండా తిప్పినా మిషన్ గజగజలాడుతూనే ఉంది.

"మిషన్‌కు ఏం రోగం లేదమ్మా. గీ వణుకు ఏడికెల్లి వస్తుందో సమజైతలేదు. సరే తియ్, నేను తీస్కపోత," అని చెయ్యి ఆనించాడు.

మిషన్ వణుకు వెచ్చగా ఉంటుంది. ఇది చల్లగా ఎక్కింది. మోచెయ్యి దాటి భుజం దాకా పోయి అక్కడ నక్కింది. మిషన్ కుదురుకుంది. హరిప్రియ నిలకడగా ఉన్న తన రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

ఉస్మాన్‌గంజ్‌లో డానియేలు చెయ్యి పెట్టినా జల్లెడ ఆడలేదు. అందులోని కందిపప్పంతా ఒక మూలకు జరిగి ముడుచుకుంది. రామలింగయ్య గుప్పెడు తీద్దామని చెయ్యి చాపితే, ఆ చేతిని చూసి పప్పు ఇంకా వెనక్కి జరిగింది. మూటలు మోస్తున్న హమాలీలు వాటిని ఎక్కడివక్కడే దించేశారు.

"గిది ఇనుముది కాదు డానియేలూ," అన్నాడు రామలింగయ్య చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "మనిషిది. నా జల్లెడల దిగది. ఏడికెల్లి తెచ్చినవో ఆడనే ఇచ్చి రా. జల్ది పో, పొద్దుగూకుతున్నది."

తిరుగు బస్సులో అద్దాలు మోగలేదు కానీ, పక్కన కూర్చున్న ప్రతి మనిషీ కాసేపటికే లేచి దూరంగా పోయి నిలబడ్డాడు. బండి స్టాండు వేసిన చప్పుడు, మెట్లెక్కుతున్న అడుగులు, తాళంచెవుల గలగల డానియేలుకు చెవుల్లో కాదు, భుజంలో వినిపించాయి. అతనికి విపరీతమైన భయం వేసింది.

తలుపు తీసిన హరిప్రియ అతని చెయ్యి చూసింది.

"నాదేనా?"

"నీదేనమ్మా. ఏడ పెట్టినా దిగుతలేదు."

ఆమె చెయ్యి చాపింది. "ఇచ్చెయ్ అన్నా. పనిచేసుకునే చెయ్యి, పాడైపోతుంది. ఒక్కపూట తెరిపిగా ఉంది, చాలు. నాకిది అలవాటే."

డానియేలుకు ఏడుపొచ్చింది. ఇస్తే తన చెయ్యి తనకుంటుంది. ఇవ్వకపోతే ఉస్తాద్ గతే. ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనక్కి సూర్యుడు దిగుతున్నాడు. అతను తన చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

"ఇయ్య," అన్నాడు.

కింద బండి స్టాండు వేసిన చప్పుడైంది. తర్వాత మెట్ల మీద అడుగులు. బస్సులో విన్నవే.

"ఎవరితను?" అన్నాడు రఘురామ్.

"మిషన్ బాగుచేసే ఆయనండీ."

"బాగయిందా?"

"అయింది."

"మరి ఇంకా ఏం పని?" గొంతు పెంచలేదు. బూట్లు విప్పి, జతగా పక్కకు సర్ది, చెయ్యెత్తాడు.

డానియేలు ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఆపడానికి పట్టుకున్నాడో, దించడానికి పట్టుకున్నాడో తర్వాత ఎన్ని ఆదివారాలు చర్చిలో కూర్చుని ఆలోచించినా అతనికి తేలలేదు. వణుకు మాత్రం ఏమీ ఆలోచించలేదు. దారి తెలిసినదానిలా ఒక్క ఉదుటున దిగిపోయింది.

డాక్టర్లు నరం బలహీనత అన్నారు. రఘురామ్ కుడిచెయ్యి కిందికి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఫైళ్లు రాస్తుంది, అన్నం కలుపుతుంది. భుజం దాటి లేస్తే మాత్రం గజగజ మొదలై, ఇంట్లో గిన్నెలూ కిటికీ రెక్కలూ మోగుతాయి. ఆ మోతకు కింది వాటా నాగమణమ్మ మెట్లెక్కి వచ్చి, "ఏమైంది బిడ్డా?" అంటూ గుమ్మంలో నిలబడుతుంది. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా ఆ చెయ్యి తనంతట తానే ఒళ్లోకి ముడుచుకుంటుంది.

నెల తర్వాత ఒక పొద్దున, పై అరలో ఉన్న కాఫీపొడి కోసం రఘురామ్ చెయ్యెత్తబోయి దించుకున్నాడు.

"హరీ, కాస్త ఈ డబ్బా తీసిపెడతావా?"

హరిప్రియ బయట బట్టలు ఆరేస్తోంది. "పనిలో ఉన్నాను. ఆగండి," అంది వెనక్కి తిరగకుండానే.

ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. రఘురామ్ చెయ్యి ఒళ్లో పెట్టుకుని వంటింట్లో కూర్చుని ఆగాడు. బకెట్‌లో ఇంకా ఒక దుప్పటీ రెండు దిండు గలీబులూ ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటిగా దులిపి, ముడతలు తీసి, తీరిగ్గా ఆరేసింది.