మిద్దె మీది ఏడు రోజులు

మా ఇంటి మిద్దె గురించి సర్కారుకు రాసిన అర్జీలో నేనొక అబద్ధం రాశాను. ఇంగ్లీషులో రాశాను కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. బి.ఏ. పాసై, ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తాగా చేరి అప్పటికి ఏడాది నిండలేదు. అది 1957 ఎండాకాలం.

పురానాపూల్ దర్వాజా దాటి లోపలికి వస్తే, గల్లీ చివర నడిమి వాకిలి ఉన్న ఇల్లు మాది. మాది అంటే కిరాయికి ఉన్నది అని. వాకిలికి మూడు వైపులా మూడు వాటాలు, అన్నిటి మీదా ఒకటే మిద్దె. ఒక వాటాలో నేనూ, మా అమ్మ నాగమణమ్మా. అమ్మను నేను అవ్వా అనే పిలుస్తాను. రెండో వాటాలో రామానుజం గారు, ఆయన భార్య. ఆయన దగ్గరి గుడిలో వంటశాల చూసుకునేవారు. మూడో వాటాలో రమాబాయి. భర్త పోయిన తరువాత కుట్టుమిషను మీదే బతుకుతోంది. ఇల్లుగలాయన విశ్వేశ్వర్ సేటుకు బేగంబజారులో బెల్లం టోకు దుకాణం ఉంది.

మూడేళ్ళ కిందట సేటు పాత మిద్దె తీయించి కొత్తది వేయించాడు. ఆ వెంటనే మా మూడు వాటాలవాళ్ళనూ కిరాయికి దింపుకుంటూ, వాటాకు ఎనభై రూపాయల పేష్గీ పట్టుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము అది. అవ్వ తన వెండి కడియాలు అమ్మి ఆ ఎనభై కట్టింది.

రెండో వానాకాలానికే మిద్దె కారింది. మూడో వానాకాలంలో రమాబాయి మిషను మీద గోనెసంచి కప్పి, తాను గొడుగు పట్టుకుని కూర్చుంది. ఈసారి వానలకు ముందే బాగు చేయించమని అడగడానికి ముగ్గురం సేటు దుకాణానికి వెళ్ళాం.

సేటు బెల్లం తూచే తరాజు పక్కనుంచి కదలలేదు.

"మీరే పలగ్గొట్టి మళ్ల నా దగ్గరికే వచ్చిండ్రా? ప్రతి ఎండకాలం పైన రోలు వెట్టి మిరపకాయలు దంచుతరు, పసుపు దంచుతరు. గల్లీ మొత్తం ఇనవడుతది. నాకేం చెవుడా?"

"సేట్‌జీ, గది కాదు..." అంది రమాబాయి.

"గదే. ఇప్పుడు రిపేరుకు మీ మూడు పేష్గీలు చెల్లుకు చెల్లు. నెలాఖరు లోపల కొత్త పేష్గీ కట్టుండ్రి. లేకుంటే ఖాళీ చెయ్యుండ్రి."

రమాబాయి ముఖం పాలిపోయింది. "నా దగ్గర ఉన్నదే గా ఎనభై. ఇంకో ఎనభై నేను యాడ తెచ్చేది?"

"కానూన్ ఉన్నది సేటూ," అన్నాను నేను.

"ఓహో! బీయే సాబ్ కానూన్ చెప్తున్నడు. చెప్పు బిడ్డా, జర మా మునీముకు గూడ నేర్పు." బస్తాలు మోసే హమాలీలతో సహా అందరూ నవ్వారు.

ఆ నవ్వు చెవుల్లో ఉండగానే అర్జీ రాశాను. కిరాయి తగాదాలు చూసే కచేరీకి, మూడు పేజీలు. మిద్దె మీద మేము ఎన్నడూ ఏమీ దంచలేదని అందులో రాశాను. నిజమేమిటంటే మూడు ఎండాకాలాలు దంచాం. వాకిట్లో ఎండ పడదు. కారం, పసుపు, గుడి పొంగలికి మిరియాలు, అన్నీ పైనే ఎండేవి, పైనే రోట్లో పడేవి. దంచామని ఒప్పుకుంటే పేష్గీ పోయినట్టేనని నాకు గట్టిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే రామానుజం గారిని పిలిచి, ఇద్దరం కలిసి రోలును మిద్దె మీదనుంచి దింపాం. మెట్ల మధ్యలో ఆయన ఆగి రొప్పుతూ అడిగారు.

"కొండల్, మనమేమైనా తప్పు చేస్తున్నామా?"

"లేదు స్వామీ. రోలు కింద ఉంటే అమ్మగారికి సులువని."

"మా ఆవిడ మూడేళ్ళుగా పైనే దంచుతోంది. ఆ సులువు మనకు ఇవాళే తోచిందా?" అంటూనే పాపం మళ్ళీ ఎత్తారు.

వాకిట్లో రోలు చూసి అవ్వ, "ఎందుకు దించిండ్రు?" అంది. నేను దఫ్తరుకు ఆలస్యమవుతోందని చెప్పి బయటపడ్డాను.

పదిరోజుల తరువాత కచేరీ నుంచి ఓవర్సీరు అమరనాథ్ గారు తనిఖీకి వచ్చారు. ఖాకీ టోపీ, చంకలో నా అర్జీ. సేటు తన లెక్కలు రాసే మునీమును వెంటబెట్టుకుని వచ్చాడు. అందరం మిద్దె ఎక్కాం. ఓవర్సీరు పగుళ్ళన్నీ చూసి, అర్జీ విప్పి, నేను రాసింది తెలుగులో అందరికీ వినిపించారు.

"ఈ మిద్దె మీద ఎన్నడు ఏమీ దంచలేదని రాసిండ్రు. నిజమేనా?"

సేటు చేతికర్రతో ఒకచోట చూపించాడు. మిద్దె అంతా మసిబారి నల్లగా ఉంది. అక్కడ మాత్రం రోలు అడుగంత మేర గుండ్రంగా, తెల్లగా ఉంది. దాని చుట్టూ పసుపు మరకలు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు రోలు దించితే దాని జాగా తెల్లగా మిగులుతుందని తోచలేదు.

"చెప్పు బీయే సాబ్," అన్నాడు సేటు.

రామానుజం గారు ఆకాశం వైపు చూస్తున్నారు. వెనకనుంచి అవ్వ ముందుకు వచ్చింది.

"దంచినం సారూ."

"అవ్వా!" అన్నాను.

"నువ్వూకో. మిరపకాయలు దంచినం, పసుపు దంచినం, అయ్యగారింటామె మిరియాలు దంచింది. మూడేండ్ల సంది దంచినం. తిన్నోనివి నువ్వు, దంచలేదని ఎట్ల రాసినవ్‌రా?"

"విన్నరా ఓవర్సీర్ సాబ్?" సేటు పైపంచె సర్దుకున్నాడు. "ఇంకేమున్నది? లొల్లి ఖతం."

రమాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా మూడు పేజీలూ, మూడు పేష్గీలూ ఒక్క మాటతో పోయాయని అనుకున్నాను. అవ్వ మీద కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు.

"ఖతం ఎట్లయితది సేటూ?" అంది అవ్వ. "మిద్దె ఎట్ల చేస్తరో నీకెరుకేనా?"

"నాకేం పని? మేస్త్రి చేస్తడు, నేను పైసలిస్త."

"అయితే నేను చెప్త విను. ఇటుక కంకర, గానుగల తిప్పిన సున్నం కలిపి పరుస్తరు. పచ్చిగ ఉన్నప్పుడే ఆడోళ్లం ఎదురెదురుగ రెండు బంతులు కూసొని చెక్కలతోని కొడుతం. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుకుంట ఏడు దినాలు కొడుతం. కొట్టిన చెక్క మళ్ల పైకి ఎగిరిందాక కొడుతం. పదిహేనేండ్లు గదే పని చేసిన. వీని ఫీజులు, వీని కితాబులు గా చెక్క కిందికెల్లే వచ్చినై." నా వైపు చూడకుండానే చెయ్యి చూపింది. "ఏడు దినాలు పది మంది కొడితే అయ్యేది మిద్దె. అసుంటిది నాలుగు మిరపకాయలకు పలుగుతదా?"

అవ్వ కూలికి పోయేదని నాకు తెలుసు. సాయంత్రం చేతులు సున్నంతో పగిలి ఉండేవి, ఆముదం రాసేవాణ్ణి. పని ఇలా ఉంటుందని ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేను అడగలేదు.

"ఏదో మాటలు చెప్తే..." అని సేటు అనబోయాడు.

"మాటలెందుకు? చూపిస్త."

అవ్వ రోకలి తెమ్మంది. నేనే పరుగెత్తి తెచ్చాను. రోకలి కొసనున్న ఇనుప పొన్నుతో మిద్దె మీద ఒకచోట తట్టింది. డబ్ డబ్ మని ఖాళీ డబ్బా చప్పుడు. నాలుగడుగులు వేసి ఇంకోచోట తట్టింది, అదే చప్పుడు. పగుళ్ళ వెంట నడుచుకుంటూ తట్టింది. చివరికి సేటు చూపించిన తెల్లటి గుండ్రం దగ్గరికి వచ్చి తట్టింది. ఠంగుమని రాయి పలికినట్టు పలికింది.

ఓవర్సీరు గబుక్కున వంగారు. "మళ్ల కొట్టమ్మా."

ఠంగుమంది.

"చూడుండ్రి సారూ. పగుళ్లన్నీ గా దిక్కు ఉన్నై. రోలు చుట్టు ఒక్క పగులు లేదు. మేం దిగిన కొత్తల మిద్దె ఇంక పచ్చిగనే ఉండె. మేం దంచుతుంటే గీ జాగ గట్టివడ్డది. సేటు మిద్దె మొత్తంల సరిగ్గ కొట్టింది గీ మూరెడు జాగనే. గది గూడ మా పుణ్యానికి."

రామానుజం గారు ఆకాశం నుంచి కిందికి చూసి నవ్వారు. "అయితే ఇంకా నాలుగుచోట్ల దంచాల్సింది నాగమణమ్మా!"

అవ్వ పగులులో వేళ్ళు పెట్టి ఒక పెళ్ళ ఊడదీసింది. అరచేతిలో నలిపితే పిండయిపోయింది. ఇటుక ముక్కలు సున్నం అంటకుండా ఎర్రగా, పొడిగా రాలాయి. ఓవర్సీరు ఆ పొడి తీసుకుని చూశారు.

"రెండు దినాలు గూడ కొట్టలేదు," అన్నారు. "పైన పలచగ గచ్చు పూసి నున్నగ చేసిండ్రు."

"బెల్లం నీళ్లు తగిలిన జాడ గూడ లేదు," అంది అవ్వ. "బెల్లం సేటు మిద్దెకు బెల్లం కరువైంది."

అందరికంటే ముందు మునీమే నవ్వాడు. సేటు ముఖం చూసి నవ్వు మింగేశాడు.

సేటు మాత్రం ఆ పొడి వైపే చూస్తున్నాడు. "ఏడు దినాల కూలి తీస్కపోయిండు గా మేస్త్రి," అన్నాడు నెమ్మదిగా. "నా దుకాణంలకెల్లి రెండు బుట్టల బెల్లం పంపిన. నేనే తూచి పంపిన."

"గా బెల్లం ఆయన ఇంట్ల అరిసెలయి ఉంటది," అంది రమాబాయి. అంత భయపడ్డ మనిషి ఆ మాట అనడం విని నేను ఆశ్చర్యపోయాను.

"ముప్పై ఏండ్ల సంది తరాజు పట్టిన. నన్ను మోసం చేసిండు."

"నిన్ను మోసం చేసింది మేస్త్రి, సేటూ," అంది అవ్వ. గొంతు పెంచలేదు. "దానికి మా పేష్గీలు పట్టుకుంటివనుకో, మమ్ముల మోసం చేసినోనివి నువ్వైతవు."

కింద గల్లీలో పాత ఇనుము కొనేవాడి కేక వినబడింది. ఓవర్సీరు అర్జీ నా చేతికిచ్చి తన పెన్ను తీశారు.

"రాసింది నువ్వే గదా? గా లైను కొట్టెయ్. కొట్టేసి సంతకం పెట్టు. మీ అమ్మ చెప్పింది నేను నా రిపోర్టుల రాస్త."

అందరి ముందూ ఆ వాక్యం కొట్టేశాను. సిగ్గుపడ్డాను. కానీ ఆ సిగ్గు కంటే ఎక్కువగా నాకు ఇంకొకటి కలిగింది. బి.ఏ. పట్టా పుచ్చుకున్న రోజు కూడా నా ఛాతీ అంత నిండలేదు. రోకలి భుజానికి ఆనించుకుని నిలబడ్డ ఆ మనిషి మా అవ్వ అని ఆ గల్లీలో వాళ్ళందరికీ, తెలిసినవాళ్ళకు కూడా, మళ్ళీ చెప్పాలనిపించింది.

సేటు మొండివాడే గాని, కళ్ళముందు కనిపించిన తూకాన్ని కాదనే మనిషి కాదు. మునీమును పంపి స్టాంపు కాగితం తెప్పించాడు. వాకిట్లో గడప మీద కూర్చుని నేను రాశాను, సేటు కోసం ఉర్దూలో, మా కోసం తెలుగులో. మూడు పేష్గీలూ చెక్కుచెదరకుండా సేటు దగ్గరే ఉంటాయి, ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వాలి. మిద్దె మీది సున్నం పొర మొత్తం తీయించి మళ్ళీ వేయించే ఖర్చు సేటుది. సున్నం ఏడు రోజులు కొట్టించాలి.

"ఏడు దినాలు కొడుతున్నరో లేదో ఎవలు చూస్తరు?" అన్నాడు సేటు. "ఇంకో దొంగ వస్తే? నాగమణమ్మా, నువ్వే నిలవడి చేయించు. కూలి ఇస్త."

"కూలికి నిలవడ సేటూ. మేస్త్రికిచ్చే జీతం ఇస్తే నిలవడుత. కొట్టే ఆడోళ్లను నేనే తెచ్చుకుంట."

మునీము కళ్ళజోడు పైకి తోశాడు. "ఆడామె మేస్త్రా? నేనైతే ఏ బజార్ల చూడలే."

"చూడకపోతే ఇయ్యాల చూడు. సేటూ, మేస్త్రి పైసలు ఇస్తవా?" అంది అవ్వ.

సేటు జవాబు చెప్పేలోపల నేను కాగితం మీద రాసేశాను: మేస్త్రి నాగమణమ్మ. రెండు భాషల్లోనూ రాశాను. సేటు ఉర్దూ కాగితం అందుకుని, ఆ మాట దగ్గర వేలు ఆపాడు. నా వైపు చూశాడు. తరువాత అవ్వ వైపు చూశాడు. కలం ముంచి దస్తఖతు చేశాడు.

వారం తిరక్కుండా పని మొదలైంది. అవ్వ బహదూర్‌పురా వైపు నుంచి పాత జతగత్తెలను పన్నెండు మందిని పిలుచుకొచ్చింది. ఆరుగురొక బంతి, ఆరుగురొక బంతి. ఎదురెదురుగా కూర్చుని కొడుతుంటే చప్పుడు పురానాపూల్ వంతెన మీదికి వినిపించేది. రమాబాయి మధ్యాహ్నం మిషను ఆపి, చెక్క పట్టుకుని వచ్చి కూర్చునేది. రామానుజం గారి భార్య కరక్కాయలు నానబెట్టేది. సేటు దుకాణం నుంచి బెల్లం వచ్చిన రోజు అవ్వ బుట్టలో చెయ్యిపెట్టి ముక్క నోట్లో వేసుకుని చూసి, అప్పుడు దింపనిచ్చింది.

అయిదో రోజు ఆదివారం. దఫ్తరు లేదు కాబట్టి కుండలతో నీళ్ళు నేను మోశాను. ఎండ నెత్తికెక్కే వేళకు సేటు గొడుగు వేసుకుని మిద్దె ఎక్కాడు. కర్రతో అక్కడక్కడా పొడిచి చూశాడు.

"మస్తు గట్టిగైంది గదా నాగమణమ్మా. ఇంక రెండు దినాల కూలి దండుగ ఎందుకు? ఇయ్యాల్టితోని ఆపెయ్యుండ్రి."

అవ్వ కూర్చున్న చోటునుంచి లేవలేదు. పక్కనున్నామె చేతిలోని చెక్క తీసుకుని ఒక దెబ్బ వేసింది. చెక్క ఎగిరింది గాని, చేతిని పైకి తోసేంతగా ఎగరలేదు.

"ఇంక కాలేదు. ఏడు దినాలని కాయితంల ఉన్నది సేటూ."

"కాయితంల ఏమున్నదో నీకెట్ల ఎరుక? చదువొస్తదా నీకు?"

"నాకు రాదు," అంది అవ్వ. "నా కొడుకు రాసిండు."

చెక్క తిరిగి పక్కనున్నామె చేతికిచ్చింది. బంతుల వైపు తిరిగి, "ఊఁ, కొట్టుండ్రే!" అని కేకేసింది. పన్నెండు చెక్కలు ఒక్కసారిగా పడ్డాయి. సేటు గొడుగు పట్టుకుని అక్కడే ఒక పక్కగా కూర్చున్నాడు.