రెండు మాత్రల డబ్బాలు

"మళ్ళీ ఊపిరి ఆగింది!"

నర్సు నా బిడ్డ అరికాలిని వేలితో కొట్టింది. ఒకటి, రెండు, మూడు... పాప బద్ధకంగా గాలి పీల్చింది. పుట్టి ఆరు గంటలైంది. ఇంతవరకు గట్టిగా ఏడవలేదు. ఎత్తితే తడిబట్టలా వేలాడుతోంది.

పిల్లల డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చింది. "ఇన్‌ఫెక్షన్ అయితే వెన్నులో సూది గుచ్చి చూడాలి. కానీ నాకెందుకో ఇది మత్తులా అనిపిస్తోంది. నిద్రమాత్రలేమైనా వాడావా?"

"లేదండీ! రాత్రిపూట బీపీ మాత్ర, అంతే."

"తల్లి మింగిన మత్తు మావి దాటి బిడ్డకూ చేరుతుంది. నీకు తెల్లారేసరికి దిగిపోవచ్చు. బిడ్డ కాలేయం ఇంకా లేతది, దానికి రోజులు పడతాయి. మందేదో తెలిస్తే సూది ఆపుతా. త్వరగా చెప్పండి."

మా ఇంట్లో నిద్రమాత్రలు అత్తయ్యకే ఉన్నాయి. రోజూ నాకు పాలు తెచ్చేదీ ఆవిడే.

"పాలల్లో ఏం కలిపారు?" అన్నాను, మంచం పక్కనే నిలబడ్డ అత్తయ్యతో.

"ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందే! నా మాత్రలు నాకే పనిచెయ్యట్లేదు. పదిహేను రోజులుగా కంటి మీద కునుకు లేదు, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. నువ్వేమో మొద్దులా నిద్రపోయావు!"

డాక్టరు చటుక్కున తిరిగింది. "ఈమెకు బీపీ పెరిగిందీ ఆ పదిహేను రోజుల్లోనే. అందుకే నొప్పులు తెప్పించాం. మాత్రలు ఎందులో పెడతారు?"

"రెండు ఒకేలాంటి డబ్బాలండీ," అన్నాడు అత్తయ్య వెనకున్న మా ఆయన. "నెలకు సరిపడా గళ్ళల్లో నేనే నింపుతా. రెండూ చిన్న తెల్ల మాత్రలే. అందుకే మూతల మీద ఎవరివో రాశాను."

"అయితే నువ్వే తారుమారు చేసుంటావు, మతిమరుపు వెధవా!" అంది అత్తయ్య కొడుకుతో.

"నింపి పాతిక రోజులైంది. నేను చేసుంటే మొదటి పది రోజులూ ఇద్దరూ ఎలా బాగున్నారమ్మా?"

మూతలు.

సోడా ఫ్యాక్టరీలో సీసాలు కడగడం నా పని. మూతలన్నీ తీసి ఒకే తొట్టిలో వేస్తాం. ఏ మూతైనా ఏ సీసాకైనా సరిపోతుంది. జిడ్డుగా ఉన్నాయని ఆ డబ్బాల మూతలు కూడా అలాగే తీసి కడిగి, ఏది దేనిదో చూడకుండా పెట్టేశాను. సరిగ్గా పదిహేను రోజుల క్రితం.

డాక్టరు సూది గుచ్చడానికి చేతులకు తొడుగులు వేసుకుంటోంది. పాపకు మళ్ళీ ఊపిరి ఆగింది.

"ఆగండి! నేను మింగింది అత్తయ్య నిద్రమాత్రలే."

"ఇచ్చిందెవరు?"

అందరూ అత్తయ్యనే చూస్తున్నారు.

"నేనేనండీ. మూతలు మార్చింది నేను."