ఇంటిపేరు

గ్లోరి గోంగూర వలుస్తుంటే భర్త సుందరరావు ఆదివారం పేపరు తెచ్చి ఆకుల మీద పడేశాడు. "చూడు, నీ తోటికోడలి నిర్వాకం!"

'వేడన్నం రుచి
నాకు జైల్లో తెలిసింది'

కవిత కింద పేరు: తాళ్లూరి ప్రేమావతి.

తాగొచ్చి రోజూ తన్నే భర్త జోజిబాబుని ఒకనాడు ప్రేమావతి పచ్చడిబండతో కొట్టింది. ప్రాణం పోయింది. అతను సుందరరావు తమ్ముడు.

"నా కొడుకుని పొట్టన పెట్టుకుని, వాడి ఇంటిపేరు పేపర్లో వేయించుకుంటుందా?" అత్త మేరమ్మ గుండెలు బాదుకుంది.

"నువ్వెళ్లి మా ఇంటిపేరు తీసెయ్యమని చెప్పిరా," అన్నాడు సుందరరావు.

గ్లోరి పేపరు తీసుకుని మళ్లీ చదివింది. కవిత బాగుంది. అదే ఆమె కడుపులో నిప్పు పోసింది. ఎమ్మే తెలుగు చదివింది తను. కాలేజీలో కవితలకు బహుమతులు తెచ్చుకుంది తను. పెళ్లయిన కొత్తలో ఏదో రాసుకుంటుంటే, "ఎవణ్ణి తలుచుకుని రాస్తున్నావు?" అని సుందరరావు నవ్వాడు. ఆ నవ్వుతోనే పెన్ను మూసేసింది. ఆ తర్వాత బళ్లో పాఠాలు, ఇంట్లో వంట, అత్తకి ఇన్సులిను. చర్చిలో పాటల పుస్తకం కూడబలుక్కుని చదివే ప్రేమావతికా దేవుడు ఇది ఇచ్చింది? తిరువూరులో బస్సెక్కి, విస్సన్నపేట దాటినా ఆ కవితలో తప్పులు వెతుకుతూనే ఉంది. ఒక్కటీ దొరకలేదు.

జైలు ములాఖత్ గదిలో, జాలీ అవతల ప్రేమావతి కాస్త ఒళ్లు చేసింది. "బాగున్నావా అక్కా? అత్తయ్యకి షుగరెలా ఉంది?"

"రాయడం నీకెవరు నేర్పారు?"

"ఎవరూ లేదక్కా. వచ్చిన కొత్తలో నాకు మాటే వచ్చేది కాదు. నూర్‌బీ అని, మా గదిలోనే ఉంటుంది. చెప్పుకోలేకపోతే రాసుకో అంది. అప్పటిదాకా ఈ చెయ్యిని చూస్తే నాకే భయమేసేది. రాస్తుంటే మళ్లీ నాదే అనిపించింది."

గ్లోరి తన చేతుల వంక చూసుకుంది. ఏ నేరమూ చేయని చేతులు. ఏమీ రాయని చేతులు.

"ఇంటిపేరు తీసెయ్యాలంట," కసిగా అంది. ప్రేమావతి ఏడిస్తే బాగుండుననుకుంది.

"అది జైలు రికార్డులో ఉందని పేపరువాళ్లే వేశారక్కా. తీసేయమంటాలే. ప్రేమావతి అంటే చాలు."

అంత తేలిగ్గా వదిలేసింది. ఏడుపు గ్లోరికే వచ్చింది.

ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగాడు సుందరరావు. "ఏమంది?"

"తీసేస్తానంది."

"మంచిది. అన్నం పెట్టు."

"నేనూ తీసేస్తున్నానండీ."

"ఏంటి?"

"మీ ఇంటిపేరు. నా కవితల కింద వేసుకోను."

"ఏ కవితలు?"

"రాయబోయేవి."