గ్లాసు మీద వేలు

అత్తగారి సంవత్సరీకం భోజనాలయ్యాక బంధువులు బస్సుల వేళకి లేచి వెళ్లిపోయారు. లక్ష్మీకామేశ్వరి పెరట్లో కూచుని అన్నం గుండిగ అడుగు గీకుతోంది. మొగుడు మురళీమోహన్ గుమ్మంలో నిలబడి, పళ్లలో ఇరుక్కున్నదేదో పుల్లతో తీసుకుంటూ అన్నాడు.

"ఎల్లుండి కౌన్సిలింగ్‌కెళ్లి వద్దని చెప్పేసి వచ్చెయ్. ఓ పనయిపోతాది."

ఆమె తలూపింది. చేతిలో పనుంటే మాట్లాడకుండా తలూపడం ఆమెకెప్పుడో అలవాటైపోయింది. అతను దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్కేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

విజయనగరం శివార్లలో హైస్కూల్లో ఆమె తెలుగు టీచరు. హెడ్‌మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది, పాతపట్నం వైపు ఖాళీ ఉంది. ఇంతకు ముందూ ఒకసారి వచ్చింది. అప్పుడు అత్తగారు సత్యవతి కాళ్లు పట్టేసి మంచం దిగలేకపోతోంది, కూతురు విశాలి ఇంకా చిన్నది. "నువ్వు హెడ్‌మాస్టరమ్మవైతే మనకి కొత్తగా కొమ్ములొస్తాయా?" అని మురళి నవ్వాడు. "ఊరు కాని ఊర్లో ఆడమనిసి ఒక్కర్తీ ఏటుంటాది?" అన్నాడు మావగారు వేంకటాచలం. ఎవరూ గట్టిగా అరవలేదు, ఎవరూ కొట్టలేదు. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం క్యారేజీ, సాయంత్రం అత్తగారి కాళ్లకి నూనె, ఇవన్నీ ఎవరు చేస్తారన్న ప్రశ్న ఇంటి మధ్యలో కూచుంది. దానికి జవాబు తను తప్ప ఇంకెవరూ కాదని అందరికీ తెలుసు. వదులుకుంది. ఆ ఏడాది తనకన్నా జూనియర్ ఒకాయన ఆమె పనిచేసే స్కూలుకే హెడ్‌మాస్టరై వచ్చాడు. మంచివాడే. పైనుంచి ఆఫీసర్లెవరైనా వస్తున్నారంటే మాత్రం, "మేడమ్, టిఫిన్ల సంగతి మీరైతేనే బాగుంటుంది" అనేవాడు. సాటి మగ టీచర్లు ఫైళ్లు పట్టుకుని ఆయన వెనక తిరుగుతుంటే, కామేశ్వరి స్టాఫ్‌రూమ్‌లో ఉప్మా ప్లేట్లు సర్దేది.

అత్తగారు పోయింది. విశాలి ఇంటర్‌కొచ్చింది. అయినా ఎల్లుండి వద్దనే చెప్పాలి. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా కారణం లేదు. అసలు అడగాలని ఆమెకీ తోచలేదు.

సంవత్సరీకానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ఆడపడుచు రేఖ మర్నాటి దాకా ఉండిపోయింది. సంవత్సరీకం నాటి మధ్యాహ్నమే విశాలి దగ్గర చార్టు అడిగి తీసుకుని, స్కెచ్ పెన్నుతో పైన అచ్చులూ కింద హల్లులూ రాసింది. ఒక మూల అవును, ఇంకో మూల కాదు. వాళ్ల అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లు ఇలాగే చనిపోయినవాళ్లతో మాట్లాడతారట. వాళ్లది ఇంగ్లీషు బోర్డు.

"అమ్మకి ఇంగ్లీషు రాదు కదా వదినా. గుణింతాలు పెడితే కాయితం చాలదు. అక్షరాలు చూసి మనమే కూడబలుక్కోవాలి."

మురళి ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. "ఏటే ఈ పిచ్చి?" అన్నాడు గానీ, క్యారమ్ బోర్డు తెచ్చి పీట మీద పెట్టిందీ అతనే. చార్టు దాని మీద పరిచి, గ్లాసు జారడానికి పౌడరు చల్లారు. కాగితం ఎగరకుండా ఫ్యాను ఆపేశారు. టీ గ్లాసు బోర్లించి, ముగ్గురూ తలో వేలూ ఆనించారు, రేఖ, మురళి, కామేశ్వరి. మావగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. విశాలి భయంగా తలుపు పక్కన నిలబడింది, పారిపోవాల్సి వస్తే దారి దగ్గరుండాలని కాబోలు.

చాలాసేపు ఏమీ కాలేదు. చెమట చుక్కలు చార్టు మీద పడుతున్నాయి. కామేశ్వరికి నవ్వొచ్చింది, పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఇంతలో గ్లాసు కదిలింది.

నిజంగానే కదిలింది. తన వేలు ఊరికే ఆని ఉంది, గ్లాసే దాన్ని లాక్కుపోతోంది. "అమ్మా, నువ్వేనా?" అంటే అవును దగ్గర ఆగింది. రేఖ ఏడ్చేసింది. మావగారు ముందుకి వంగి, ఇన్నేళ్లలో ఎప్పుడూ వినని గొంతుతో అడిగాడు.

"సత్తివతీ, కాళ్ల నెప్పులు తగ్గాయేటే?"

గ్లాసు కాస్త వెనక్కి జరిగి, మళ్లీ అవును దగ్గరికే వచ్చింది. ముసలాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కామేశ్వరికీ కళ్లు తడిశాయి. ఆ కాళ్లు తన చేతులకి తెలుసు.

మురళి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కామేశ్వరి ప్రమోషన్ తీసుకోవాలా, వదిలెయ్యాలా?"

గ్లాసు గిర్రున ఒక చుట్టు తిరిగి వ దగ్గర ఆగింది. తరవాత ద. తరవాత ల.

"చూశావా? వదులు అంటంది," అన్నాడు మురళి. అతని మొహంలో గెలుపు కన్నా ఊరటే ఎక్కువ కనబడింది. వేలు తీయబోయాడు. గ్లాసు మాత్రం ఆగలేదు. చార్టు మీద వాలుగా పైకి జారి, హల్లుల్లో మొదటిదాని మీద నిలబడింది.

"క," అంది విశాలి తలుపు దగ్గర్నుంచి. "వదలక... నాన్నా, వదలకు! నానమ్మ వదలకు అంటోంది."

వంటింట్లో పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. కామేశ్వరి లేవలేదు, వేలు గ్లాసు మీదే ఉంచింది.

ఆ సాయంత్రం ఇల్లు మారిపోయింది. "అమ్మే వద్దనొద్దంటే ఇంకేటుంది, వెళ్లు," అన్నాడు మురళి ముభావంగా. మావగారు, "మీ అత్త మాట కాదనకు తల్లీ," అన్నాడు. బతికున్నన్నాళ్లూ ఆ అత్తగారి మాట వంటింటి గుమ్మం దాటింది లేదు. పప్పులో ఉప్పు గురించి ఆవిడేమన్నా అంటే, "నీకేటి తెల్సు, ఊరుకో," అనేవాడు ఈ మావగారే.

చేతిలో దుప్పటి మడతపెడుతూ కామేశ్వరి ఆగిపోయింది. కాళ్లకి నూనె రాస్తున్నప్పుడు అత్తగారొకసారి చెప్పిన సంగతి గుర్తొచ్చింది. చిన్న వయసులో, జాతర రోజున, ఆవిడకి అమ్మోరు పూనిందట. జుట్టు విరబోసుకుని ఊగుతుంటే, జూట్ మిల్లులో పనిచేసే మావగారు వణికిపోతూ ఏం కావాలో సెప్పు తల్లీ అని సాగిలపడ్డాడట. అమ్మోరు, ఇంటెనకాల మరుగుదొడ్డి కట్టించమంది. అమ్మోరికి మరుగుదొడ్డి ఎందుకని ఒక్కరూ అడగలేదు, గబగబా కట్టించేశారు. "అమ్మోరో, నేనో నాకూ తెల్దే కామేస్సరీ. సీకట్లో సెరువు గట్టుకి ఎల్లలేక సచ్చిపోతన్నాను అప్పుటికి. ఆ ఒక్క రోజు మాత్తరం నా మాట ఇన్నారు." అలా చెప్పి ఆవిడ నవ్వింది. కామేశ్వరీ నవ్వింది. అది నవ్వాల్సిన సంగతి కాదని ఇప్పుడనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్న, గదిలో ఒక్కర్తే ఉన్నప్పుడు, బీరువా తాళంచెవికి దారం కట్టి వేలాడదీసింది. వాళ్ల స్కూల్లో సైన్సు టీచరు పిల్లలకి చేసి చూపించేది ఇది. చెయ్యి కదపకూడదు, మనసులో అనుకోవాలి అంతే. అటూ ఇటూ, అనుకుంది. తాళంచెవి కాసేపు మెదలకుండా ఉండి, మెల్లిగా అటూ ఇటూ ఊగింది. గుండ్రంగా, అనుకుంది. గుండ్రంగా తిరిగింది. చెయ్యి రాయిలా ఉంది, ఒట్టేసి చెప్పగలదు. మనసులో ఉన్నది వేలికి ముందు తెలుస్తుంది, మనిషికి తరవాత తెలుస్తుంది. ఆమె దారం వేలికి చుట్టుకుని మంచం మీద కూచుంది. వ, ద, ల వరకూ ఎవరు తోశారో. మొగుడికి కావలసిందీ తనకి కావలసిందీ ఆ మూడక్షరాల దాకా ఒక్కటే. అక్కణ్ణుంచి పైకి, ఆ క దాకా, గ్లాసుని తీసుకెళ్లింది తనే. తనకి ఇంత కోరికుందని తనకే తెలీదు. అది తెలిసేసరికి భయం వేసింది, దెయ్యం అంటే వేసిన భయం కన్నా ఎక్కువగా.

ఎలాగూ ఒప్పుకున్నారు కదా, నోరు మూసుకుని వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నం దాకా అదే అనుకుంది. భోజనాలవగానే మురళి మళ్లీ ఫ్యాను ఆపాడు.

"రా, కూచో. నువ్వక్కడికెళ్తే వారానికోసారి వస్తావా, రోజూ బస్సులో తిరుగుతావా, ఇక్కడ వంటేటి, విశాలి ఎవరి దగ్గరుంటాది, అన్నీ అమ్మనే అడుగుదాం. అమ్మ ఎలాగంటే అలాగే."

రేఖ అప్పటికే గ్లాసు బోర్లించింది. మావగారు కుర్చీ జరుపుకున్నాడు. కామేశ్వరి ఆ చార్టు వంక చూసింది. ఇక నుంచి తనేం తినాలో, ఏ ఊళ్లో ఉండాలో, ఎప్పుడు తిరిగి రావాలో ఈ కాగితం మీదే తేలుతుంది. నిన్న ఇచ్చింది రేపు తీసేసుకుంటుంది. తను మాత్రం ప్రతిసారీ చచ్చిపోయిన మనిషి వెనక దాక్కుని, కనబడకుండా వేలితో తోసుకుంటూ ఉండాలి.

నిలబడే అంది. "నిన్న వదలకు అన్నది అత్తయ్య కాదండీ. నేను."

"ఏటీ?" అన్నాడు మురళి.

"నేనే తోశాను. తోస్తున్నానని నాకప్పుడు తెలీదు. ఇవాళ తెలిసింది."

రేఖ మొహం ఎర్రబడింది. "అమ్మ పేరు పెట్టుకుని ఆటలాడతావా వదినా? అదీ సంవత్సరీకం నాడు!"

"ఆడలేదు రేఖా. ఆడాలనుకుంటే ఇప్పుడూ కూచునేదాన్ని."

మురళి గభాలున తేరుకున్నాడు. "సరే, అయితే అమ్మ చెప్పలేదన్నమాట. ఇంకేటి మరి, రేపెళ్లి వద్దని చెప్పేసెయ్."

"అత్తయ్య చెప్పలేదు. నేను చెప్తున్నాను. నాకు వెళ్లాలనుంది, వెళ్తున్నాను. విశాలి ఎక్కడుండాలో అదిగో, విశాలినే అడుగుదాం. వంట సంగతి ఇంట్లో చేతులున్నవాళ్లందరం మాట్లాడుకుందాం."

అతను గ్లాసు వంక చూశాడు, సాయం అడుగుతున్నట్టు. ఇంతలో ముసలాయన అడిగాడు, మెల్లిగా.

"మరి... నెప్పులు తగ్గాయన్నది కూడా నువ్వేనా అమ్మా?"

ఈ ఒక్క ప్రశ్నకి ఆమె సిద్ధపడి లేదు. ఆయన పక్కన నేల మీద కూచుంది.

"తెలీదు మావయ్యా. తగ్గాలని మనందరికీ ఉంది కదా. ఎవరో ఒకరి వేలు."

ఆయన తలూపాడు. లేచి తనే స్విచ్చు వేశాడు. ఫ్యాను గాలికి చార్టు లేచి గోడకి కొట్టుకుంది. రేఖ దాన్ని పట్టుకోలేదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోతూ, వదినకి చెప్పకుండానే వెళ్లిపోయింది. ఆ రాత్రి మురళి అన్నం తిన్న కంచం సింకులో తనే పడేశాడు, కోపంగా, చప్పుడయ్యేలా.

కౌన్సిలింగ్ హాల్లో పక్క కుర్చీలో షీబా కూచుంది. వేరే స్కూల్లో లెక్కలు చెప్తుంది, పిలుపు కోసం ఎదురు చూస్తూ ఫోను చేతిలో తిప్పుతోంది. తను వద్దని చెప్పడానికే వచ్చిందట. వాళ్ల మావగారికి షుగరు, ఇంట్లో ఒప్పుకోలేదు. "మీరేం చేస్తున్నారు మేడమ్?" అంది.

"పాతపట్నం తీసుకుంటున్నాను."

షీబా ఫోను తిప్పడం ఆపింది. "అంత దూరమా! ఇంట్లో అడిగారా?"

"లేదండీ," అంది లక్ష్మీకామేశ్వరి, తన పేరు పిలవడం విని లేస్తూ. "చెప్పాను."