అయిదో గదిలో పాల్ గొంతు

గద్వాల మ్యూజియంలో కరెంటు పనులు చూసే సుభాన్‌కు పొద్దున్నే ఒక పని ఉండేది. ఏ ఆర్డరులోనూ రాయని పని. ఊడ్చే దేవమ్మ చీపురు పట్టుకుని అయిదో గదిలోకి రాగానే, కంప్యూటర్ తెర మీద ఒక గుర్తు నొక్కి ఆమె కొడుకు పాల్ గొంతు వినిపించేవాడు.

అయిదో గది వలస కూలీలది. గోడలకు ఫోటోలు, మూలన పారలు, తట్టలు, స్పీకర్లో కూలీల మాటలు. పాల్ ఆ మాటలు రికార్డుకు చెప్పి వెళ్లిన ఏడాదికే పుణె దగ్గర కాలువ తవ్వుతుంటే మట్టి పెళ్ల విరిగి మీద పడి చనిపోయాడు. దేవమ్మకు సరైన ఫోటో కూడా లేదు. మిగిలింది స్పీకర్లోని ఆ రెండు నిమిషాల గొంతే. చివర్లో పాల్ దగ్గి, నవ్వి, "ఇగ చాలు సారూ, మేస్త్రి ఒర్రుతడు" అనేవాడు. అక్కడ దేవమ్మ కూడా నవ్వేది. ఆ తర్వాతే చీపురు కదిలేది.

2007లో మ్యూజియానికి ఆటోమేషన్ యోగం పట్టింది. పద్నాలుగు గదుల లైట్లు, తెరలు, స్పీకర్లు ఒకే పెద్ద కంప్యూటర్ చేతిలోకి పోతాయట. గదిలో మనిషి అడుగుపెడితే గోడమీది సెన్సర్ కనిపెట్టి, దానంతటదే లైటు వేసి మాట మొదలుపెడుతుందట. ఇక స్విచ్చులెందుకని పీకేసి, బొక్కలకు సిమెంటు పూశారు.

"తమ్మీ, మా పాల్ మాట యాడికి పోదు గద?" అని అడిగింది దేవమ్మ.

"యాడికి పోతదక్కా? నా చేతులతోని నేనే ఎక్కిస్త."

కొత్తకోటలో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్న ధీమా అది. పాత కంప్యూటర్ తెర మీది గుర్తులన్నీ కొత్తదానిలోకి కాపీ చేశాడు. నొక్కి చూశాడు. పాల్ పలికాడు. ఇంకేం కావాలి? పాతది టికెట్ల కౌంటరుకు కావాలంటే, అందులో ఉన్నవన్నీ శుభ్రంగా తుడిచేసి పంపేశాడు.

ప్రారంభం రోజు పెద్దలంతా అయిదో గదిలోకి వచ్చారు. లైట్లు వెలిగాయి. మాట మాత్రం రాలేదు. హైదరాబాద్ ఇంజనీరు తెర చూసి తల పట్టుకున్నాడు.

"నువ్వు ఎక్కించింది షార్ట్‌కట్లయ్యా, ఫైళ్లు కావు. రెండింటికీ మధ్య వైరుంది కాబట్టి ఆ రోజు పాతదానిలోంచి పలికింది."

ఇల్లు కూలగొట్టి చిరునామా చీటీ జేబులో పెట్టుకున్నట్టయింది సుభాన్ పని. తుడిచిన కంప్యూటర్, పోయినవి వెనక్కి వస్తాయేమోనని హైదరాబాద్ వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. రికార్డు చేసినవాళ్లు టేపుల మీద ఎప్పుడో వేరేవి ఎక్కించుకున్నారు. సుభాన్‌కు అన్నం దిగలేదు. దేవమ్మకు చెప్పినప్పుడు ఆమె తిట్టినా బాగుండేది.

"నీ చేతులతోని ఎక్కిస్తనంటివి గద తమ్మీ," అని మాత్రం అంది.

ఆఫీసువాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, కూర్చున్నా మేలయ్యేది! కూలీల మాటలు అప్పట్లోనే ఒక పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. వాటిని ఒక కళాకారుడితో చదివించి తెప్పించారు. తల్లిని అడగాలని ఒక్కరికీ తోచలేదు.

సోమవారం దేవమ్మ అయిదో గదిలో అడుగుపెట్టింది. లైటు వెలిగింది.

"నా పేరు పాల్. మాది అయిజ దగ్గర పల్లెటూరు," అంది స్పీకర్, నున్నటి గొంతుతో. ఆమె బయటికి పరుగెత్తింది. చీపురు కోసం మళ్లీ లోపలికొస్తే మళ్లీ మొదలైంది. "ఇక చాలండీ, మేస్త్రీ కోప్పడతారు." ఆ వెనకే కొలిచినట్టు ఒక నవ్వు.

"బంద్ చెయ్యి తమ్మీ! ఎవడాడు?"

సుభాన్ చెయ్యి గోడ మీద సిమెంటును తడిమింది. కంట్రోల్ రూముకు తాళం. లోపలి కంప్యూటర్ పాస్‌వర్డు హైదరాబాద్‌లో. ఇంజనీరుకు ఫోన్ చేస్తే, ఆఫీసు నుంచి లెటర్ కావాలన్నాడు. ఆఫీసులో అడిగితే, చూడవచ్చినవాళ్లకు ఆ గొంతే నచ్చిందన్నారు.

దేవమ్మ పని మానలేదు. మానితే ఎట్లా గడుస్తుంది? చెవుల్లో పత్తి పెట్టుకుని ఊడ్చింది. మాట మొదలైనప్పుడల్లా సుభాన్ గుమ్మం దగ్గర దొంగలా నిలబడేవాడు.

పదిహేను రోజుల తర్వాత ఆమే పిలిచింది. చెవుల్లో పత్తి లేదు.

"ఇంట్ల కూసోని మా పాల్‌ను యాది చేసుకుంటున్న తమ్మీ," అంది. "ఆని మొఖం అవుపడ్తది. నోరు తెరిస్తే గీ స్పీకర్లోడే మాట్లాడుతుండు."